నిలబడినప్పుడు బీపీ ఎంత? పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్ళు లేవగానే ఎందుకు పడిపోతున్నారు

పోయిన ఎపిసోడ్‌లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గర కాళ్ళు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం గురించి మాట్లాడుకున్నాం. అది చూసి చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "మా తాత నడుస్తూ పడట్లేదు అన్నా, మంచం మీంచి లేచి నిలబడగానే పడుతున్నాడు, ఇదీ అదేనా?" అని. కాదండి. ఇది వేరే సంగతి. అక్కడ సమస్య కాళ్ళది, ఇక్కడ సమస్య బీపీది. ఈ రోజు దాని గురించే.

ముందే ఒక మాట. నేను ఫిజియోథెరపిస్టుని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్ళకి వెళ్ళి వ్యాయామాలు చేయిస్తుంటాను. మందులు రాయడం నా పని కాదు. కాబట్టి ఇందులో మందుల పేర్లు వచ్చినా, అవి మీరు డాక్టరుతో మాట్లాడేటప్పుడు అర్థం కావడానికే. ఈ వీడియో చూసి ఎవరూ మాత్ర ఆపొద్దు, కొత్తది మొదలుపెట్టొద్దు.

మన వైపు పెద్దవాళ్ళు ఈ బాధని ఎలా చెబుతారంటే, "కూకున్నప్పుడు బానే ఉంటాది బావూ, నెగిసేసరికి కళ్ళు మసకలైపోతాయి" అంటారు. ఆ ఒక్క మాటలో జబ్బంతా ఉంది. కూర్చుంటే బాగుంటుంది, లేస్తే బాగోదు. కానీ ఇంట్లోవాళ్ళు దాన్ని నీరసం అనుకుంటారు, వయసు అనుకుంటారు, "సరిగా తినట్లేదు" అనుకుంటారు. వణుకుడు జబ్బు ఉంది కదా, ఆ వణుకు వల్లే తూలుతున్నాడు అనుకుంటారు.

అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మనం ఎవరం లేచి నిలబడినా, అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కిందికి, అంటే కాళ్ళలోకి, కడుపులోకి జారుతుంది. మీకూ జారుతుంది, నాకూ జారుతుంది. మనకి తెలియదు అంతే. ఎందుకంటే మెడలోనూ గుండె పక్కనా ఉన్న పెద్ద రక్తనాళాల గోడల్లో ఒత్తిడిని కనిపెట్టే నరాలు ఉన్నాయి. ఒత్తిడి తగ్గిన క్షణంలోనే అవి మెదడుకి కబురు పంపుతాయి. మెదడు నుంచి వేరే నరాలు కదిలి, వాటి చివర్ల నుంచి నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనం విడుదలై, రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఇదంతా కొద్ది సెకన్లలో అయిపోతుంది. మోటారు ఆన్ చేస్తే పై అంతస్తు ట్యాంకుకి నీళ్ళు ఎక్కినట్టు రక్తం తలకి ఎక్కుతూనే ఉంటుంది.

పార్కిన్సన్స్‌లో చెడిపోయేది మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు మాత్రమే కాదు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ గడ్డలుగా పేరుకోవడం ఈ జబ్బు గుర్తు. అది గుండెకి, రక్తనాళాలకి వెళ్ళే నరాల్లో కూడా పేరుకుంటుంది. దాంతో కబురు వెళ్తుంది గానీ, బిగించాల్సిన నరం బిగించదు. రక్తం కిందే ఉండిపోతుంది. తలకి చాలదు. దీన్నే డాక్టర్లు ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఇది ఉంటుంది. అంటే అరుదైనది కాదు. మీ ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు ఉంటే, ఒకసారి చూసుకోవాల్సిన విషయమే.

అందరికీ కళ్ళు తిరగడంగానే తెలియదు, అదొక చిక్కు. కొందరికి నిలబడితే మెడ వెనకా భుజాల మీదా లాగినట్టు నొప్పి, కూర్చుంటే పోతుంది. చొక్కా తగిలించే హ్యాంగర్ ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడ. కొందరికి చూపు మసకబారుతుంది. కొందరు భోజనం అయ్యాక మాట తడబడి, అయోమయంగా చూస్తారు, ఇంట్లోవాళ్ళు మతిమరుపు మొదలైందనుకుంటారు. ఇంకొందరికి ఏ లక్షణమూ ఉండదు. నేరుగా పడిపోవడమే.

మరి ఎలా పట్టుకోవాలి? ఆస్పత్రిలోనైనా, ఊళ్ళోకి వచ్చే 104 బండి దగ్గరైనా బీపీ కుర్చీలో కూర్చోబెట్టి చూస్తారు. మామూలు బీపీ రోగికి అది సరైన పద్ధతే. కానీ ఈ సమస్య కూర్చుంటే దొరకదు. పడుకున్నప్పుడు ఒకటి, నిలబడ్డాక ఒకటి, రెండూ ఉండాలి. ఆ పని ఇంట్లో మీరే చేయొచ్చు. ఫోన్ వాడే చెయ్యి మీది కాబట్టి మీకే చెబుతున్నాను.

జబ్బకి పట్టీ చుట్టే మామూలు డిజిటల్ మిషన్ తీసుకోండి. మణికట్టుకి కట్టేది వద్దు. తాతని 5 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టండి, కబుర్లు చెప్పకండి, టీవీ ఆపండి. బీపీ చూడండి, పక్కన వచ్చే పల్స్ కూడా రాయండి. తర్వాత నిలబెట్టండి. 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఒకసారి చూడండి. నిలబడినప్పుడు చెయ్యి కిందికి వేలాడకూడదు, గుండె ఎత్తులో మీ భుజం మీదో బీరువా మీదో ఆనించాలి. చెయ్యి కిందుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, అసలు పడిపోవడం కనబడదు. వణుకు ఎక్కువ ఉన్న చేతికి పట్టీ కడితే మిషన్ తప్పు చూపిస్తుంది లేదా ఎర్రర్ అంటుంది, అందుకని వణుకు తక్కువున్న చేతికి కట్టండి. పక్కన ఇంకొకరు నిలబడాలి, వెనక మంచమో కుర్చీయో ఉండాలి. మధ్యలో కళ్ళు తిరుగుతున్నాయంటే వెంటనే కూర్చోబెట్టేయండి. "3 నిమిషాలు నిలబడలేకపోయారు" అని రాయండి. అదీ ఒక రిపోర్టే.

పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే, లేదా కింది అంకె 10 గానీ ఎక్కువ గానీ తగ్గితే, ఈ సమస్య ఉన్నట్టు. ఉదాహరణకి పడుకున్నప్పుడు 152/86, నిలబడ్డ 3 నిమిషాలకి 104/66 అనుకోండి. పై అంకె 48 తగ్గింది. ఇప్పుడు పల్స్ చూడండి. పడుకున్నప్పుడు 74, నిలబడ్డాక 80. అంటే బీపీ అంత కూలిపోయినా గుండె 6 మాత్రమే పెరిగింది. ఎండకి నీరు పోయి బీపీ తగ్గినవాడికైతే పల్స్ దడదడా పెరిగేది. ఇక్కడ పెరగలేదంటే కబురు అందలేదు, నరం పని చేయట్లేదు. లెక్క ఏంటంటే, పెరిగిన పల్స్‌ని తగ్గిన పై అంకెతో భాగిస్తే 0.5 కన్నా తక్కువ వస్తే నరాల వైపు అనుమానించాలి. ఇక్కడ 6 బై 48, అంటే 0.125. గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్ళకి ఈ లెక్క సరిగా పనిచేయదు, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఒక్కసారి చూసి వదిలేయొద్దు. పొద్దున్న లేవగానే ఒకసారి, మాత్ర వేసుకున్న గంటకి ఒకసారి, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. 3 రోజులు చాలు. ఫోన్‌లో నోట్స్‌లో టైముతో సహా రాయండి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైనే. అంత దూరం వెళ్ళి న్యూరాలజిస్టు ముందు కూర్చునేది కాసేపు. ఆ కాసేపట్లో "మొన్న ఒకరోజు పడిపోయాడండి" అని చెప్పడం వేరు, 3 రోజుల అంకెలు చూపించడం వేరు.

ఇప్పుడు అసలు ముడి. పైన చెప్పిన ఉదాహరణలో పడుకున్న అంకె చూశారా? 152. ఈ నరాలు దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి నిలబడితే బీపీ పడిపోతుంది, పడుకుంటే పెరిగిపోతుంది. రెండూ ఒకే మనిషిలో. బిగించడం, వదలడం రెండూ తెలియని కుళాయి అనుకోండి.

చీపురుపల్లి వైపు ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళేవాణ్ణి. పార్కిన్సన్స్ వచ్చి 7 ఏళ్ళు. ఆయనకి ఎప్పుడు చూసినా 160 వస్తోందని బీపీ మాత్ర ఒకటి రెండయింది. ఆ బీపీ ఎప్పుడు చూశారని అడిగితే, "మధ్యాహ్నం పడుకున్నప్పుడు పక్కింటి అబ్బాయి మిషన్ తెచ్చి చూస్తాడు" అన్నారు. నిలబెట్టి చూస్తే 3 నిమిషాలు కూడా ఆగలేకపోయారు, 1 నిమిషానికే 88. ఆ రెండు నెలల్లో స్నానాల గదిలో రెండుసార్లు పడ్డారు. ఇంట్లోవాళ్ళు నాచు అనుకుని నేల గీకించారు, పాత చెప్పులు మార్చారు. అంకెలు రాసి పెద్ద డాక్టరుకి చూపించాక ఆయన బీపీ మాత్ర ఒకటి తీసేసి, రెండోది తగ్గించి రాత్రి పూటకి మార్చారు. మిగతాది మేం చూసుకున్నాం. తుంటి ఎముక విరగకముందే దొరికింది. మన వైపు 75 ఏళ్ళ మనిషికి తుంటి విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఎలా మారిపోతుందో నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

అందుకే మొదట చేయాల్సింది ఏమీ కొనడం కాదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక పళ్ళెంలో పోసి, పట్టీల మీద పేర్లు కనిపించేలా ఫోటో తీయడం. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు, ప్రొస్టేట్‌కి ఇచ్చే టామ్సులోసిన్ లాంటివి, నిద్రకీ నొప్పులకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ నిలబడినప్పటి బీపీని ఇంకా తగ్గిస్తాయి. ఒక్కో మాత్ర ఒక్కో డాక్టరు రాసి ఉంటారు, ఒకరిది ఒకరికి తెలియదు. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా, ప్రమిపెక్సోల్, రోపినిరోల్ కూడా తగ్గిస్తాయి. అయితే ఇది గట్టిగా చెబుతున్నాను, లెవోడోపా మాత్ర మీరంతట మీరు ఆపేయొద్దు. హఠాత్తుగా ఆపితే ఒళ్ళు కర్రలా బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. మార్చాలంటే డాక్టరే మార్చాలి.

ఇక్కడే దూలగొండి మాట కూడా. దూలగొండి గింజల పొడి వణుకుకి మంచిదని కొందరు తెచ్చి వాడుతున్నారు. దాన్ని కొట్టిపారేయను. ఆ గింజల్లో ఉన్నది నిజంగానే లెవోడోపా. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని విడదీశారు, పార్కిన్సన్స్‌కి అది మందని ప్రపంచానికి తెలియడానికి చాలా ముందే. సమస్య ఏంటంటే, చెంచాలో ఎంత లెవోడోపా ఉందో మీకు తెలియదు. మాత్ర ఒక పక్క, పొడి ఒక పక్క వేసుకుంటే డోసు ఎంతయిందో ఎవరికీ తెలియదు, బీపీ మాత్రం కూలిపోతుంది. వాడుతుంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి. "ఆకుమందే కదా" అని వదిలేయకండి.

సరే, ఇప్పుడు ఇంట్లో చేసుకునేవి. నాకు అన్నిటికన్నా నచ్చింది నీళ్ళు. పొద్దున్న మంచం దిగకముందు రెండు పెద్ద గ్లాసులు, అంటే దగ్గర దగ్గర అర లీటరు మామూలు నీళ్ళు, రెండు మూడు నిమిషాల్లో తాగేయాలి. 5 నుంచి 10 నిమిషాల్లో బీపీ పెరగడం మొదలవుతుంది, సుమారు గంట నిలుస్తుంది. ఇది రక్తంలో నీరు పెరగడం వల్ల మాత్రమే కాదు, పలచని నీళ్ళు కడుపులోకి వెళ్ళగానే నరాల ద్వారా ఒక ప్రతిస్పందన వస్తుంది. అందుకే ఈ రెండు గ్లాసుల్లో ఉప్పు, ఓఆర్ఎస్, మజ్జిగ కలపకూడదు, కలిపితే ఆ ప్రభావం తగ్గిపోతుంది. ఉత్త నీళ్ళే. మింగేటప్పుడు పొరపోయే అలవాటు ఉన్నవాళ్ళు మాత్రం గబగబా తాగకూడదు. ఇంకో షరతు ఉంది, అది ఉద్దానం దగ్గర చెబుతాను.

లేవడం కూడా ఒక పని లెక్కన చేయాలి. పడుకునే పాదాలు పైకీ కిందికీ పాతికసార్లు ఆడించాలి. లేచి కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేసి 2 నిమిషాలు ఆగాలి. నిలబడ్డాక వెంటనే అడుగు వేయకుండా, పట్టుకుని ఉన్నచోటే కాసేపు. పిక్కలు బిగించాలి, తొడలు బిగించాలి, కాళ్ళు కత్తెర వేసినట్టు ఒకదానిమీద ఒకటి వేసి నొక్కాలి. పిక్కలు కిందున్న రక్తాన్ని పైకి తోసే పంపులు. అయితే పార్కిన్సన్స్‌లో తూలే గుణం కూడా ఉంటుంది కదా, ఆ కత్తెర పట్టు గోడో ఊతమో పట్టుకునే చేయాలి.

కాళ్ళకి బిగువు మేజోళ్ళు రాస్తుంటారు. మంచివే. కానీ మే నెలలో సోంపేటలో కరెంటు పోయినప్పుడు తొడల దాకా మేజోళ్ళు వేసుకోమంటే ఎవరు వేసుకుంటారు? పైగా చేతులు వణుకుతుంటే వాటిని ఎక్కించుకోవడమే గంట పని. దాని బదులు పొట్టకి కట్టే బెల్టు మేలు. రక్తం ఎక్కువ నిలిచేది కాళ్ళకన్నా కడుపులోనే. మన ఇళ్ళల్లో బాలింతలకి నడికట్టు కట్టేవారు చూశారా, ఇంచుమించు అలాగే. లేచే ముందు బిగించాలి, పడుకునే ముందు తప్పకుండా విప్పేయాలి. విప్పకపోతే పడుకున్న బీపీ ఇంకా పెరుగుతుంది.

రాత్రి సంగతి. పడుకుంటే బీపీ పెరుగుతుందన్నాం కదా. ఆ ఒత్తిడికి కిడ్నీలు రాత్రంతా ఉప్పూ నీరూ బయటికి పంపేస్తాయి. నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తారు, తెల్లారేసరికి ఒంట్లో నీరు తగ్గి పొద్దున్న పూట బీపీ అధ్వాన్నంగా ఉంటుంది. దానికి మందు ఇటుకలు. మంచం తలవైపు కోళ్ళ కింద 6 నుంచి 9 అంగుళాల ఎత్తు పెట్టాలి. రెండు దిళ్ళు ఎక్కువ వేస్తే కాదు, అప్పుడు నడుం దగ్గర మడత పడుతుంది అంతే. మనిషి మొత్తం వాలుగా ఉండాలి. ఇటుకలు జారకుండా, కోళ్ళు దిగేలా గుంట ఉన్న చెక్క దిమ్మలు వడ్రంగి చేత చేయించుకుంటే ఇంకా మంచిది. పగలు కునుకు తీసినా పూర్తిగా పడుకోకుండా పడక కుర్చీలో వాలాలి. రాత్రి మూత్రానికి మంచం పక్కనే సీసా పెట్టండి. ఇందులో సిగ్గేం లేదు. చీకట్లో పెరటి దాకా నడిచి వెళ్ళి, నిలబడి మూత్రం పోస్తూ పడిపోయినవాళ్ళని చూశాను.

మరుగుదొడ్డి ఇంకో చోటు. నేల దొడ్డిలో గొంతుక్కూర్చుని లేవడమే కష్టం, దానికి తోడు ఈ జబ్బులో మలబద్ధకం. ముక్కితే బీపీ పడుతుంది. కుర్చీ కమోడ్ వేయించడం, గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించడం, మలబద్ధకానికి డాక్టరు ఇచ్చిన మందు క్రమంగా వాడడం, ఇవి బీపీ వైద్యంలో భాగమే. వేడినీళ్ళ స్నానం స్టూలు మీద కూర్చుని, మరీ వేడి కాకుండా.

తిండి. కడుపు నిండా అన్నం తిన్నాక రక్తం పేగులకి వెళ్తుంది, రెండు గంటల దాకా బీపీ తక్కువగా ఉండొచ్చు. కాబట్టి ఒకేసారి కంచం నిండా పెట్టి, "తిను, బలం వస్తాది" అని బలవంతం చేయకండి. అదే తిండి అయిదారుసార్లు కొంచెం కొంచెంగా. పొద్దున్న చోడి అంబలి అలవాటున్న ఇళ్ళల్లో అది కొనసాగించండి, కాస్త కాస్తగా తాగడానికి బాగుంటుంది. కల్లు, సారా బీపీని దించేస్తాయి, ఈ జబ్బులో వద్దే వద్దు.

ఇక ఉప్పు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఈ సమస్యకి "ఉప్పు పెంచండి, నీళ్ళు పెంచండి" అని ఉంటుంది. అది చాలామందికి సరైన సలహానే. కానీ ఆ సలహా రాసినవాళ్ళకి కవిటి తెలియదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు నేను చెప్పాలా? ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించేదాకా వచ్చింది సంగతి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఒక గుణం ఉంది, చాలాకాలం బయటపడదు. ముఖం ఉబ్బదు, కాళ్ళు వాయవు, మనిషి జీడితోటకో కొబ్బరితోటకో వెళ్తూనే ఉంటాడు. బయటపడేసరికి కిడ్నీలు చాలావరకు పోయి ఉంటాయి.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ కూడా ఉంటే? మనవడు రీల్ చూసి, ప్రేమతోనే, మజ్జిగలో ఉప్పు దండిగా కలిపి రోజుకి మూడు లీటర్లు తాగిస్తే? కిడ్నీలు బయటికి పంపలేని ఉప్పు, నీరు ఊపిరితిత్తుల్లో చేరతాయి, ఆయాసం వస్తుంది. పోనీ, భయపడి ఉప్పు పూర్తిగా మానిపించినా, మందుల షాపులో నీరు తీసే మాత్ర కొని వేసినా, బీపీ కూలి పడిపోతారు, కిడ్నీలకి రక్తం తగ్గి అవీ ఇంకా దెబ్బతింటాయి. ఎటు వెళ్ళినా నష్టమే. అందుకే నా మాట ఇది. ఉద్దానం వాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఉప్పు విషయంలో ఎటువైపూ సొంతంగా నిర్ణయం తీసుకోకండి. ముందు క్రియాటినిన్, పొటాషియం రక్త పరీక్ష. అది చూసి డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే ఉప్పు, రోజు మొత్తం మీద తాగే నీళ్ళు. ఇందాక చెప్పిన షరతు ఇదే, పొద్దున్న రెండు గ్లాసుల నీళ్ళు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకైతే డయాలసిస్ అయిన రోజు బీపీ మరీ తగ్గుతుంది, ఆ రోజు ఒంటరిగా లేవనివ్వకండి.

మంచి మాట ఏంటంటే, ఇటుకలు, నడికట్టు, పిక్కల వ్యాయామం, చిన్న చిన్న భోజనాలు, మాత్రల పళ్ళెం ఫోటో, వీటికి కిడ్నీతో తగాదా లేదు. ఉద్దానంలో నేను వీటితోనే మొదలుపెడతాను.

ఇవన్నీ చేసినా చాలకపోతే డాక్టర్లు మందులు ఇస్తారు. మిడోడ్రిన్ రక్తనాళాలని బిగిస్తుంది. వేసుకుంటే తల మీద చీమలు పాకినట్టు, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నట్టు ఉంటుంది, భయపడక్కర్లేదు. కానీ అది వేసుకున్నాక పడుకోకూడదు, ఆఖరి మాత్రకీ నిద్రకీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. అది బయటికి పోయేది కిడ్నీల ద్వారానే కాబట్టి కిడ్నీ రిపోర్టు చూపించకుండా వాడకూడదు. ఇంకోటి ఫ్లూడ్రోకార్టిసోన్, ఒంట్లో ఉప్పుని నిలబెడుతుంది. కాళ్ళు వాయొచ్చు, పొటాషియం తగ్గొచ్చు. అందుకే మధ్యమధ్య రక్త పరీక్షలు.

మనిషి కళ్ళ ముందే తూలుతుంటే ఏం చేయాలి? మన ఊళ్ళల్లో ఇద్దరు రెండు చంకల కింద చేతులు వేసి నిలబెట్టేస్తారు, ఒకరు ముఖాన నీళ్ళు కొడతారు, ఇంకొకరు సోడా తెస్తారు. నిలబెట్టడమే తప్పు. తలకి రక్తం అందకే పడిపోతున్నాడు కదా, నిలబెడితే ఇంకా అందదు. అక్కడికక్కడే, వీధి అయినా సరే, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టండి. చాలాసార్లు నిమిషంలో తెలివి వస్తుంది. పూర్తి తెలివి రాకుండా నోట్లో ఏమీ పోయొద్దు. వచ్చాక వెంటనే లేపొద్దు. తెలివి రాకపోయినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, మూతి వంకర పోయినా, తలకి దెబ్బ తగిలినా, నల్లటి విరేచనం అయినా 108కి ఫోన్ చేయండి. ప్రతి పడిపోవడమూ ఈ బీపీదే కాదు.

పండగల్లో ఒక జాగ్రత్త. రథసప్తమికి అరసవల్లి క్యూలో నిలబడడం, దసరా అయ్యాక వచ్చే మంగళవారం సిరిమాను చూడ్డానికి విజయనగరంలో గంటలు గంటలు జనంలో నిలబడడం, పెద్దవాళ్ళు మానరు, మానమని నేనూ చెప్పను. మడత స్టూలు ఒకటి చంకన పెట్టుకోండి. కదలకుండా నిలబడితేనే రక్తం కిందికి దిగిపోతుంది, కాబట్టి మడమలు ఎత్తి దించమనండి. గొడుగు, నీళ్ళ సీసా. భోజనం చేసిన వెంటనే లైన్లోకి తీసుకెళ్ళకండి.

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ ఇది చూస్తున్నవాళ్ళకి. వీడియో కాల్ చేసినప్పుడు నాన్న కుర్చీలో కూర్చుని "బానే ఉన్నాను" అంటారు. నిజంగానే బాగుంటారు, కూర్చున్నారు కాబట్టి. అమ్మని పక్కన నిలబెట్టి, ఫోన్ ఎదురుగా ఆనించి, ఈసారి పరీక్ష చేయించండి. 5 నిమిషాలు పడుకోవడం, 1, 3 నిమిషాలు నిలబడడం. మొత్తం పది నిమిషాల కాల్. అంకెలు మీరు రాసుకోండి. నిలబడినప్పుడు పై అంకె 90కి దిగితే ఆ వారంలోనే డాక్టరుని కలిసేలా చూడండి.

చివరిగా ఒకమ్మాయి అడిగిన ప్రశ్న. తన చేతి స్మార్ట్ వాచ్‌లో బీపీ వస్తుందట, తాతకి కట్టి చూస్తే సరిపోదా అని. సరిపోదమ్మా. వణికే చేతికి అసలు సరిపోదు. జబ్బకి కట్టే మిషనే వాడు, లేకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడుగు. "పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడక్కా" అని చెప్పు. వాచ్ మాత్రం వేరే పనికి వాడు, 3 నిమిషాలు టైమర్ పెట్టడానికి.

వచ్చే ఎపిసోడ్‌లో, నీళ్ళు తాగేటప్పుడు పొరపోవడం గురించి. ఉంటానండి.